తదితరుల ఫొటోగ్రాఫరు

బుధవారం ఉదయం బడిలో గుడ్ల ఫొటో తీస్తుండగా అత్తయ్య ఫోన్ చేసింది. పిల్లలకి పెట్టే గుడ్లన్నీ పళ్ళెంలో కనబడేలా పేర్చి, ఫొటో తీసి, యాప్‌లోకి ఎక్కించాలి. సిగ్నల్ లేక రెండుసార్లు ఎక్కలేదు. మూడోసారి ఎక్కుతుండగా ఫోన్ మోగింది. "మీ మావయ్య లెగడం నేదమ్మీ" అంది. నాకు అర్థమైంది. అయినా ఫోన్ పెట్టేసి ముందు గుడ్ల ఫొటో ఎక్కించాను, ఆ తరవాత హెడ్మాస్టరుకి చెప్పాను, ఆ తరవాతే బస్సెక్కాను. ఇలా రాసుకోడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగింది అదే.

ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం ఎంత దూరమని! ఆ రోజు మాత్రం బస్సు తెగ సాగదీసింది. కిటికీ పక్కన కూర్చుని ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. నీరసం వచ్చింది. యాభై ఆరేళ్ళొచ్చాయి నాకు, మోకాళ్ళు అరిగిపోయాయి. ఏడవడానికి కూడా కాస్త ఓపిక కావాలని ఆ బస్సులోనే తెలిసింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు కాదు, మా పక్కింటాయన. మా పెరటి గోడా వాళ్ళ పెరటి గోడా ఒకటే. ముప్పయ్యేళ్ళ పైన సర్కారు ఆఫీసులో ఫొటోగ్రాఫరుగా చేశాడు. జిల్లాకి మంత్రి వచ్చినా, వంతెనకి రిబ్బను కత్తిరించినా, బడికి శంకుస్థాపన చేసినా, జీపు వెనక సీట్లో మెడలో కెమెరాతో ఆయన ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం ముందుకి వంగి నడిచేవాడు. ఎవరింటికెళ్ళినా కూర్చోమంటే కూర్చోడు, ముందు వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకునేవాడు. ఎదుటివాళ్ళ మొహం మీద వెలుతురు పడే చోటు చూసుకుని అక్కడ కుర్చీ వేయించుకునేవాడు. ఫొటో చేతికిస్తే అంచులు పట్టుకోవాలి. బొమ్మ మీద బొటనవేలు పెట్టామో, వేలి మీద చిన్న దెబ్బ పడేది. చిన్నప్పుడు నేను తిన్న దెబ్బలకి లెక్క లేదు.

తీసిన ఫొటోల వెనక పేర్లు రాయడం కూడా ఆయన పనే. ఎడమ నుంచి కుడికి మంత్రిగారు, కలెక్టరుగారు, ఎమ్మెల్యేగారు, ఇంజనీరుగారు, తదితరులు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అలాగే రాశాడు. ఫొటోలో నలభై మంది ఉంటే నలుగురికి పేర్లుండేవి. మర్నాడు పేపర్లో కూడా అలాగే వచ్చేది.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. రీలులో చివరి రెండు మూడు ఫొటోలు వాడకుండా మిగుల్చుకునేవాడు. కార్లన్నీ వెళ్ళిపోయి షామియానా విప్పుతుంటే, అక్కడ మిగిలినవాళ్ళని నిలబెట్టి తీసేవాడు. కుర్చీలు మోసినవాళ్ళు, మేళగాళ్ళు, తట్టలెత్తే ఆడవాళ్ళు, దండలు గుచ్చినవాళ్ళు. "పెద్దోల్లు ఎల్లిపోనాకే అమ్మీ, అసలు మొకాలు అవుపిస్తాయి" అనేవాడు. ఆ ఫొటోలు ఆఫీసుకి అక్కర్లేదు. నెగటివులు ఇంట్లో బిస్కట్ డబ్బాల్లో ఉండేవి. కవరు మీద ఊరి పేరు, అది ఏ ప్రారంభోత్సవమో రాసి ఉండేది. మనుషుల పేర్లు మాత్రం ఒక్కదాని మీదా లేవు. ఆఫీసు రాత చేతికి ఎంత అలవాటైపోయిందంటే, ఇష్టం కొద్దీ తీసిన ఫొటోలకి కూడా పేరు అడగాలని ఆయనకి తోచలేదు.

రిటైరై ఖాళీగా కూర్చున్నాక తోచింది. ఒక తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చి, కింద పెట్టిన డబ్బాలు తడిసి, నెగటివులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మిగిలినవాటిని ఆయనా అత్తయ్యా మంచం మీద ఆరబెట్టుకుంటుంటే నేను చూడ్డానికెళ్ళాను. ఆయన మొహంలో నెత్తురు లేదు. ఈ ముండాకొడుకులందరికీ ఫొటో ఇస్తానని చెప్పి నిలబెట్టాను, ఒక్కడికీ ఇవ్వలేదు అన్నాడు. ఆ తిట్టు ఎవరినో కాదు, తనని తానే తిట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. అప్పటి నుంచీ మొదలైంది, ఆ ఫొటోల్లోవాళ్ళని వెతుక్కుంటూ మా తిరుగుడు.

ఆయనకి జ్ఞాపకం ఉంది, కాళ్ళు లేవు. నాకు కాళ్ళంటూ ఉన్నాయి, ఆదివారం ఉంది. "నువ్వు సోషల్ టీచరువి కదేటి, ఇది నీ పాఠమే" అని నన్ను లాగాడు. నిజం చెప్పొద్దూ, చాలాసార్లు విసుక్కున్నాను. వారమంతా బడి, యాప్‌లు, ట్రైనింగులు. ఉన్న ఒక్క ఆదివారం ఈయన్ని ఆటోలో ఎక్కించుకుని ఊళ్ళ వెంట తిరగాలి. తలప్రాణం తోకకొచ్చేది. గోడ అవతల నుంచి ఆయన దగ్గు వినబడగానే, ఈ వారం ఏ ఊరో అని గుండెల్లో రాయి పడేది. వెళ్ళకుండా ఉండలేకపోయేదాన్ని. వెళ్ళాక మటుకు బాగుండేది.

ఊళ్ళలో మమ్మల్ని ఎవరూ నమ్మేవారు కాదు. ఫొటోలు పట్టుకుని పేర్లు రాసుకుంటుంటే, ఇదేదో కొత్త పథకం అనుకుని ఆధార్ కార్డులు తెచ్చేవారు. ఇది ఏ పథకమూ కాదని చెప్తే మొహాలు వాడిపోయేవి. ఇస్తామంటే నమ్మనివాళ్ళు, ఏమీ ఇవ్వం అన్నా నమ్మరు. శ్రీకూర్మంలో ఒకసారి సన్నాయి పట్టుకున్న మనిషి ఫొటో చూపిస్తే రెండు కుటుంబాలు మా తాతంటే మా తాతని తగువుకి దిగాయి. ముక్కు చూడండని ఒకరు, చెవిపోగు చూడండని ఇంకొకరు. మావయ్య సంచీలోంచి రెండో కాపీ తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చేశాడు. బయటికొచ్చాక ఇదేం న్యాయం అంటే, "ఇద్దరికీ తాత ఫొటో నేదు కదా, ఉండనీ" అన్నాడు.

ఫొటో చూడ్డం నాకు ఆయనే నేర్పాడు. నేను అందరిలాగే ముందు మొహాలు చూసేదాన్ని. ఆయన కాళ్ళు చూడమనేవాడు. ఏ కాలంనాటి ఫొటోలో ఎంతమందికి చెప్పులున్నాయో లెక్కపెట్టు అనేవాడు. పాత ఫొటోల్లో అరవై మంది నిలబడి ఉంటే, చెప్పులు వేదిక మీదవాళ్ళకే. కొన్నేళ్ళ తరవాతి ఫొటోల్లో మగపిల్లలకి రబ్బరు చెప్పులు కనిపిస్తాయి. ఆడవాళ్ళకి అప్పటికీ లేవు. ఇంకా ముందుకొస్తే పెద్దమ్మలకి కూడా వచ్చేశాయి, కొత్తవి కాబట్టి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పంచవర్ష ప్రణాళికలు అని ఇరవయ్యేళ్ళు నల్లబల్ల మీద రాసి చెరిపాను గానీ, దేశం ఎలా నడిచొచ్చిందో నాకు ఆ కాళ్ళు చూశాకే తెలిసింది. ఆ ఫొటోలు కొన్ని బడికి పట్టుకెళ్ళి పిల్లల చేత చెప్పులు లెక్కపెట్టించాను. ఒక పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాయనమ్మని, మొదటిసారి చెప్పులెప్పుడు తొడిగావని అడిగి వచ్చి నాకు చెప్పింది. ఆ మాట మావయ్యకి చేరవేస్తే రెండ్రోజులు అత్తయ్యకి అదే చెప్పాడట.

ఫొటోలతో పోయేదైతే బాగుండేది. ఒక రీలు కూడా ఉంది.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో నరసన్నపేట అవతల కాలువ తవ్వుతుంటే, సిటీ నుంచి సినిమా కెమెరాతో కొందరు వచ్చారట. వాళ్ళకి దారి చూపించడానికి, మొహాల మీద వెలుతురు పడేలా వెండి కాగితం అంటించిన అట్ట పట్టుకోడానికి ఆఫీసు ఈయన్ని పంపింది. ఆ సినిమాని తరవాత వ్యాన్లో పెట్టి ఊరూరా తెర కట్టి చూపించారు. ఆడి ఆడి తెగిపోయింది. ఆఫీసు పాత భవనం ఖాళీ చేస్తూ దాన్ని తుక్కులో పడేస్తుంటే, అడిగి తెచ్చుకున్నాడు. డబ్బా మూత తీస్తే పులిసిన వాసన వేసేది. విశాఖలో పాత రీళ్ళని కంప్యూటర్లోకి ఎక్కించే ఒకాయన దగ్గర పెడితే, బాగున్నంత మేరకి తీసి ఫోన్లోకి పంపాడు. మొత్తం ఆరు నిమిషాలు. దాని మీద ఒకప్పుడు ఎవరో గంభీరంగా వ్యాఖ్యానం చెప్పేవారట, అది పాడైపోయింది. బొమ్మ మాత్రం మిగిలింది.

అందులో దండలున్నాయి, మైకులున్నాయి, మ్యాపు మీద కర్ర పెట్టి చూపిస్తున్న ఇంజనీరున్నాడు. ఆ తరవాత ఒక పిల్ల వస్తుంది. పదిహేను, పదహారేళ్ళుంటాయి. నెత్తిన మట్టి తట్ట, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, గట్టు మీద నుంచి బిరబిరా నడిచొస్తుంది. కెమెరా దగ్గరికొచ్చి ఆగి, నవ్వుతూ ఏదో అంటుంది. అంటూ ఒక చెయ్యి పక్కకి చాపుతుంది. అంతే, మళ్ళీ మ్యాపు వచ్చేస్తుంది. చూపించినవైపు ఏముందో కనబడదు.

మొదటిసారి అది ఫోన్లో చూసినప్పుడు మావయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూసి ఫోను నా చేతికిచ్చేశాడు. అప్పుడు చెప్పాడు. "ఆ పిల్ల నాతోనే అన్నాదమ్మీ. పక్కన నానే ఉన్నాను, అట్ట పట్టుకొని. మైకు గోలలో ఏటన్నాదో ఇనబడనేదు. అలాగే, అలాగే అనీసాను. నవ్వుకుంటా ఎల్లిపోనాది. దేనికి అలాగే అన్నానో నాకు తెల్దు."

ఇంతోటి దానికా అన్నాను. నిజంగానే అన్నాను. సర్కారు ఉద్యోగంలో రోజుకి ఎన్ని అలాగేలు అంటాం, అవన్నీ పట్టించుకుంటే బతగ్గలమా అని కూడా అన్నాను. ఆ రోజు నుంచి తక్కిన ఫొటోలు వెనకబడ్డాయి, ఆ పిల్ల ముందుకొచ్చింది. ఆ పిల్ల ఎవరో, ఏమందో తెలుసుకోవాలి. తెలిస్తే చెయ్యగలిగింది చెయ్యాలి. అదే ధ్యాస. కాలువ పొడుగూతా ఏడెనిమిది ఊళ్ళు తిరిగాం. అప్పట్లో మట్టి పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు, ఎవరికి గుర్తుంటుంది? ఆయన ఆయాసం చూసి అత్తయ్య నా మీద కేకలేసేది. నేను ఆయన మీద వేసేదాన్ని.

ఆఖరి శనివారం సాయంత్రం గోడ అవతల నుంచి పిలిచాడు. ఆమదాలవలస స్టేషను దగ్గర టీకొట్టు అతని తల్లి ఆ కాలువలో పని చేసిందట. ఆ వరసలో తట్టలెత్తిన ఆడవాళ్ళు ఫలానా ఊరివాళ్ళని చెప్పిందట. రేపు వెళ్దామా అన్నాడు. నాకు ఆ రోజు మోకాళ్ళు పీకుతున్నాయి, దిద్దాల్సిన పేపర్లు కట్టలు కట్టలు ఉన్నాయి. వచ్చే ఆదివారం వెళ్దాం మావయ్యా, ఆ ఊరు ఎక్కడికీ పోదు అన్నాను. "సరేలే, నువ్వు పడుకో" అన్నాడు. ఆ పడుకోమనడమే ఆఖరి మాట. ఊరు ఎక్కడికీ పోలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తయ్య ఆయన గుడ్డసంచీ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంట్లో ఉంటే చూడలేకపోతున్నాను, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను అప్పుడు సెలవు పెట్టాను. ఆదివారం దాకా కూడా ఆగలేదు. ఒక్కదాన్నే నరసన్నపేటలో బస్సు దిగి ఆటో ఎక్కి ఆ ఊరు చేరాను.

రచ్చ దగ్గర కూర్చున్నవాళ్ళకి ఫోను చూపించాను. మామూలే, ఇది ఏ పథకమని అడిగారు. కాదన్నాను. పిల్ల నడిచొచ్చే ముక్క రెండుసార్లు చూశాక, పంచె కట్టుకున్న ఒక నడివయసు మనిషి లేచి, ఆ నవ్వు మా పెద్దమ్మదమ్మా అని నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వసారాలో ఒక ముసలామె కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. నడుం వంగిపోయింది, లేచి నిలబడాలంటే కర్ర కావాలి. నేను పక్కన చతికిలబడి ఫోను ఆవిడ మొహానికి దగ్గరగా పట్టుకున్నాను.

"ఎవులమ్మా ఈ గుంట? తట్ట అలా ఓరగా ఎట్టుకున్నాది, పడిపోతాది" అంది.

నువ్వే పెద్దమ్మా అన్నాడు ఆ మనిషి. ఆవిడ నమ్మలేదు. మళ్ళీ వేశాను. ఈసారి చేతులకంటిన చింతపండు కొంగుకి తుడుచుకుని, ఫోను తనే పట్టుకుంది. తన పదహారేళ్ళ మొహం ఆవిడ ఎప్పుడూ చూసుకోలేదు. ఆ ఇంట్లో అప్పట్లో అద్దం కూడా లేదట. మావయ్య అడగాల్సిన మాట నేను అడిగాను, అక్కడ ఆగి ఏమన్నావమ్మా అని. గుర్తుండదులే అనుకుంటూనే అడిగాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా అయ్య ఆ పక్కనే తవ్వుతున్నాడమ్మా. మా అయ్యనీ తియ్యండి బాబూ అన్నాను. అట్ట పట్టుకున్న బాబు అలాగే అన్నాడు."

తరవాత మిగతాది తనే చెప్పింది, కోపం లేకుండా, ఎవరిదో కథ చెప్పినట్టు. తీస్తారు అని పరిగెత్తుకెళ్ళి తండ్రికి చెప్పిందట. ఆయన పార పక్కన పెట్టి, గుంటలో నీళ్ళతో మొహం కడుక్కుని, తువ్వాలు తలకి చుట్టుకుని గట్టు మీద నిలబడ్డాడట. మేస్త్రీ తిట్టినా కదల్లేదట. కెమెరావాళ్ళు తొందరలో జీపెక్కి వెళ్ళిపోయారు. అయినా వస్తారేమోనని చీకటి పడేదాకా నిలబడ్డాడు. ఆ మరుసటేడు కోతలకి ముందే జ్వరమొచ్చి పోయాడు. ఫొటో లేదు. "మొకం గురుతు రాదమ్మా ఇప్పుడు. తువ్వాలు గురుతొస్తాది, మొకం రాదు" అంది.

మావయ్య లేకపోవడమే మంచిదైంది అనిపించింది ఒక్క నిమిషం. అలా అనిపించినందుకు వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన ఈ మాట వినాలి. విని కుమిలిపోవాలి. దాని కోసమే కదా ఆయాసంతో అన్ని ఊళ్ళు తిరిగాడు, నేను కదా ఒక్క ఆదివారానికి అడ్డం పడ్డాను. కార్లు వెళ్ళాక మిగిలినవాళ్ళని తీసే మనిషి, ఆ రోజు తనే జీపులో వెళ్ళిపోయాడు. బహుశా అప్పటికి ఆ అలవాటు ఇంకా పట్టి ఉండదు. నాకు తెలీదు. ఇంక అడగడానికి ఎవరూ లేరు. బస్సులో రాని ఏడుపు అక్కడ, ఎవరో తెలియని వాళ్ళ వసారాలో వచ్చింది.

అట్ట పట్టుకున్న బాబు మా మావయ్యేనమ్మా, నువ్వేమన్నావో తెలుసుకోవాలని చివరిదాకా వెతికాడు, పదమూడు రోజుల కిందట పోయాడు అని చెప్పాను. క్షమించమని అడగబోయాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. చింతపండు జిగురు ఇంకా ఉంది ఆ చేతికి. "పోనాడేటి, పాపం. సన్నంగా ఉండేవోడు. నన్ను సూసి నవ్వినాడు" అంది.

కాగితం తీసి ఆవిడ పేరూ, వాళ్ళ అయ్య పేరూ రాసుకున్నాను. కాసిని మంచినీళ్ళు తాగి లేద్దామనుకుంటే ఆవిడ ఫోను ఇవ్వలేదు. ఇంకోసారి ఎయ్యమ్మా అంది. వేశాను. పిల్ల గట్టు మీద నుంచి బిరబిరా నడిచొచ్చింది, ఆగింది, నవ్వింది, మాట్లాడింది, చెయ్యి పక్కకి చాపింది, మ్యాపు వచ్చింది. ఇంకోసారి అంది. మళ్ళీ వేశాను. నాలుగోసారో ఐదోసారో, బొమ్మలో పిల్ల చెయ్యి పక్కకి చాపగానే, ముసలామె మెడ వంచి, ఫోను అంచు పక్క నుంచి లోపలికి తొంగి చూసింది.